మూడున్నర నెలల పాప, సగం నీళ్ల గేదెపాలు

నరసన్నపేట దగ్గరి ఒక పల్లె నుంచి ఓ తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 26. తొలి కాన్పు, నెలలు నిండి పుట్టిన ఆడపిల్ల. పుట్టినప్పుడు బరువు 2.7 కిలోలు. టీకాలకు వెళ్లినప్పుడల్లా ఏఎన్‌ఎం తూచి కార్డులో రాసిన అంకెలు కూడా పంపారు: 6 వారాలకు 3.8, 10 వారాలకు 4.5, 14 వారాలకు 5 కిలోలు. మూడో నెలలో పుట్టింటి నుంచి అత్తారింటికి వచ్చాక గొడవ మొదలైంది. పక్కింటి బాబు డబ్బా పాలు తాగుతూ నాలుగు నెలలకే ఏడున్నర కిలోలున్నాడు. "నీవి నీళ్లపాలు, పిల్లకి ఒంటబట్టడం లేదు" అని అత్తగారు. మొదట్లో రొమ్ములు బరువెక్కి చీర తడిసిపోయేది, ఇప్పుడు మెత్తబడ్డాయి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా పాప గంటకోసారి పాలకు ఏడుస్తుంది. భర్త విశాఖ నుంచి పంపు కొని తెచ్చారు. పాపకు పట్టాక రెండు వైపులా పిండి చూస్తే 40 మి.లీ. వచ్చాయి. దాంతో పది రోజులుగా గేదెపాలలో సగానికి సగం నీళ్లు కలిపి, రాత్రి రెండుసార్లు సీసాతో 60 మి.లీ. చొప్పున పడుతున్నారు. ఎండలని మధ్యాహ్నం గ్లూకోజు నీళ్లు కూడా. ఇప్పుడు పాప రొమ్ము దగ్గర మెలికలు తిరిగి ఏడుస్తోంది, మలం గోళీల్లా గట్టిగా వస్తోంది. తల్లి తినేది అన్నం, వెల్లుల్లి కారం, ఎండుచేప. పప్పు వాయువు, ఆకుకూర చలవ, నీళ్లు ఎక్కువ తాగకూడదు అని ఇంట్లో పథ్యం. జూన్ 12న ప్రైవేటు స్కూల్లో టీచరుగా తిరిగి చేరాలి, లేదంటే వేరేవాళ్లను పెట్టుకుంటామన్నారట. "డబ్బాకి మార్చేయమంటారా? ఉద్యోగం మానేయమంటారా? నా పాలు నిజంగానే చాలవా?" అని ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ మూడో ప్రశ్నతో మొదలుపెడదాం. దాని జవాబు తెలిస్తేగాని మిగతా రెండూ తేలవు. 14 వారాల దాకా మీ పాలు చాలాయి. ఆ సంగతి మీ చేతిలో ఉన్న కార్డే చెబుతోంది.

లెక్క చూడండి. 6 నుంచి 10 వారాల మధ్య 28 రోజుల్లో 700 గ్రాములు, అంటే రోజుకు 25. ఆ తర్వాతి 28 రోజుల్లో 500 గ్రాములు, రోజుకు సుమారు 18. మొదటి మూడు నెలల్లో రోజుకు 25 నుంచి 30 గ్రాములు, ఆపైన 15 నుంచి 20 పెరగడం మామూలు. రెండో అంకె తగ్గినట్టు కనిపించేది పాప వయసు వల్ల, మీ పాల వల్ల కాదు. మూడు నెలల ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మధ్య బరువు 5.8 కిలోలు, కింది హద్దు 4.5. మీ పాప పుట్టడమే కాస్త తేలిగ్గా పుట్టింది. అప్పటినుంచి మధ్య గీతకు కిందుగా, ఆకుపచ్చ పట్టీలోనే, తన దారిన తాను పైకి పోతోంది. కార్డులోని గ్రాఫు మీద ఆ చుక్కల్ని పెన్నుతో కలపండి, మీకే కనిపిస్తుంది. చూడాల్సింది గీత ఎంత ఎత్తున ఉందని కాదు, పైకి పోతోందా లేదా అని.

పక్కింటి బాబుతో పోలిక వదిలేయండి. మగపిల్లలు సగటున బరువు. పైగా మూడు నాలుగు నెలలు దాటాక డబ్బా పిల్లలు తల్లిపాల పిల్లలకన్నా ఒళ్లు చేస్తారు. పాత పట్టికల్లో డబ్బా పిల్లలే ఎక్కువ కావడంతో, తల్లిపాలు తాగే పిల్లలు వెనకబడ్డట్టు కనిపించేవాళ్లు. అందుకే 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో తల్లిపాల మీద పెరిగిన పిల్లల్ని తూచి, 2006లో కొత్త పట్టిక తెచ్చారు. ఆ ఆరింటిలో మన దేశమూ ఉంది, ఢిల్లీ పిల్లల్ని తూచారు. మీ కార్డులో ఉన్నది ఆ పట్టికే.

ఇక మీరు పాలు తక్కువని నమ్మడానికి కారణమైన మూడు సంగతులు. రొమ్ము మెత్తబడటం: మొదటి నెలన్నర శరీరం అవసరానికి మించి పాలు చేస్తుంది, తర్వాత పాప తాగినంతకు సర్దుకుంటుంది. గట్టిదనం, కారడం తగ్గాయంటే లెక్క కుదిరిందని అర్థం. సాయంత్రం గంటకోసారి అడగడం: ఆ వేళ రొమ్ములో పాలు కొంచెమే ఉంటాయి, కానీ వాటిలో కొవ్వు ఎక్కువ. రొమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ పాలు చిక్కబడతాయి. మొదట వచ్చే పల్చటి పాలు చూసి నీళ్లపాలు అంటారుగానీ, అవీ ఇవీ ఒకే పాలు. పాప కొంచెం కొంచెంగా, మాటిమాటికీ తాగి రాత్రికి కడుపు నింపుకుంటోంది.

మూడోది పంపు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 71 మంది పిల్లల్ని ఒక రోజంతా, రొమ్ము పట్టిన ప్రతిసారీ ముందూ వెనకా తూచి, 2006లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు సగటున 788 గ్రాముల పాలు తాగారు. కానీ ఒక్కో బిడ్డ లెక్క చూస్తే 478 నుంచి 1356 దాకా ఉంది, అందరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలే. ఇంకో అంకె మీకు పనికొస్తుంది: రొమ్ములో ఉన్న పాలలో పిల్లలు సగటున 67 శాతమే తాగారు, మిగతావి వదిలేశారు. మీరు పాపకు పట్టాక పిండారు కదా, మీకొచ్చిన 40 మి.లీ. పాప వదిలేసిన మిగులు. అదీ పంపుకు అందినంత. పిల్ల చప్పరించినట్టు పంపు లాగలేదు.

అయితే ఒక జాగ్రత్త. నేను చెప్పినవన్నీ 14 వారాల దాకా. ఆ తర్వాతి పది రోజుల బరువు ఎవరూ చూడలేదు. సగం నీళ్ల పాలు, గ్లూకోజు నీళ్లు కడుపులో చోటు ఆక్రమించిన రోజులవి. ఈ వారమే, అదే తూనిక మీద, బట్టలు తీసి తూయించండి. ఒక తూనికకీ మరో తూనికకీ వంద రెండొందల గ్రాములు తేడా రావడం మామూలే, అందుకే అదే తూనిక అన్నాను. ఇంట్లో అయితే డైపరు వేయకుండా ఒక రోజంతా తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. 24 గంటల్లో ఆరుకు తగ్గకుండా, లేత రంగులో పోస్తుంటే పాలు అందుతున్నట్టే.

గేదెపాలు మాత్రం ఈ రోజే ఆపేయండి. ఈ ఒక్కదానికి రెండో దారి చెప్పను. తల్లిపాలలో మాంసకృత్తులు 100 మి.లీ.కి ఒక గ్రాము ఉంటే గేదెపాలలో నాలుగు దాకా ఉంటాయి. సగం నీళ్లు పోసినా రెండు మిగులుతాయి. అంటే పాప మూత్రపిండాల మీద రెట్టింపు పని. శక్తి చూస్తే ఎదురు, నీళ్లు కలిపాక తల్లిపాలకన్నా తక్కువైపోతుంది. బరువు పెంచుదామని పట్టిన పాలు బరువు తగ్గించేవి! పైగా పశువుల పాలలో కేసిన్ అనే మాంసకృత్తి ఎక్కువ, కడుపులో గట్టి పెరుగ్గడ్డలా పేరుకుంటుంది. గోళీల్లాంటి మలం అందుకే. వాటిలో ఇనుము దాదాపు లేదు, ఇంత లేత పేగుల నుంచి కంటికి కనిపించనంత రక్తం కూడా పోవచ్చు. ఏడాది నిండేదాకా గేదెపాలు, ఆవుపాలు తాగే పాలుగా వద్దు. ఒక్క తల్లిపాలే తాగే పిల్ల ఐదారు రోజులకోసారి వెళ్లినా, మలం మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. ఈ సంగతి తెలియక చాలా ఇళ్లలో ఆముదం, వస మొదలుపెడతారు. రెండూ వద్దు.

నీళ్లు కూడా అక్కర్లేదు. తల్లిపాలలో 88 శాతం దాకా నీళ్లే. ఢిల్లీ ఎండల్లో, 34 నుంచి 41 డిగ్రీల వేడిలో, తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్ని, నీళ్లు కూడా పట్టిన పిల్లల్ని పోల్చి చూశారు. 1991లో ప్రచురించిన ఆ ఫలితం ప్రకారం నీళ్లు లేనివాళ్లకు ఏ లోటూ రాలేదు. మన రోహిణి ఎండలూ ఇంచుమించు అలాంటివే. వేడి ఎక్కువైన రోజు పాప ఇంకో రెండుసార్లు రొమ్ము అడుగుతుంది, ఇవ్వండి. దాహం తీర్చుకోవాల్సింది మీరు.

పాప రొమ్ము దగ్గర ఏడవడానికి కారణం సీసా. రొమ్ములో పాలు చేపుకు రావడానికి అరనిమిషం, నిమిషం చప్పరించాలి. సీసా పెట్టగానే కారుతుంది. రెండింటి రుచి మరిగిన పిల్ల మొదటి నిమిషంలోనే విసుక్కుంటుంది. విసుక్కుందని సీసా ఇస్తే ఆ పూట రొమ్ములో పాలు మిగిలిపోతాయి, మిగిలిన పాలే తర్వాత పాలు చెయ్యడాన్ని తగ్గిస్తాయి. పాలు చాలవన్న అనుమానంతో మొదలైన పని చివరికి నిజంగానే పాలు తగ్గించేది ఇలాగే. మీది ఇంకా పది రోజుల వ్యవహారమే కాబట్టి వెనక్కి తిప్పడం కష్టం కాదు.

ఏం చెయ్యాలంటే, ఏడుపు అందుకున్నాక కాకుండా, నిద్రమత్తులో పెదాలు చప్పరిస్తున్నప్పుడే పట్టండి. పట్టేముందు చేత్తో నాలుగు చుక్కలు పిండి, పాలు చేపుకొచ్చాక నోటికందించండి. పాప పొట్ట మీ పొట్టకు ఆనాలి, తలా ఒళ్లూ ఒకే వరుసలో ఉండాలి, గడ్డం రొమ్ముకు తగలాలి. చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి పోవాలి. గుటకలు వినపడటం తగ్గితే రొమ్మును అరచేత్తో మెల్లగా నొక్కి పట్టుకోండి, మళ్లీ గుటక వేస్తుంది. అదీ ఆగాక రెండో వైపుకు మార్చండి. రోజుకు పది పన్నెండు సార్లు, అందులో రాత్రి రెండు మూడు తప్పకుండా. పాలు చేయించే ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది. ఇప్పుడు సరిగ్గా ఆ వేళల్లోనే సీసా పడుతున్నారు. మీరు పిండిన ఆ 40 మి.లీ. పారబోయకండి. సాయంత్రం పాప ఆకలి తీరలేదనిపిస్తే అవే పట్టండి, సీసాతో కాదు, ఉగ్గుగిన్నెతో. అటక మీద వెతికితే మీ ఇంట్లో ఒకటి దొరక్కపోదు. ముక్కు చిన్నది, కడగడం తేలిక, రొమ్మును మరిపించదు. ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లలకు ఇలాంటి గిన్నెతోనే పడుతున్నారు.

ఇప్పుడు మీ అత్తగారి మాటకు వద్దాం. మీ పాలలో ఏదో లోపం ఉందన్న ఆవిడ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కానీ ఆ లోపం ఉంటే గింటే మీ కంచంలో ఉంది, దాన్ని సీసా తీర్చదు.

మన ప్రాంతానికి ఇందులో ఒక చేదు చరిత్ర ఉంది. 1930ల చివర్లో, 1940ల్లో కూనూరు పోషకాహార ప్రయోగశాలలో అయ్క్‌రాయిడ్, ఆయన సహచరులు ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే విటమిను లోపపు జబ్బు మీద పనిచేశారు. అక్కడి పసిపిల్లల మరణాల మీద 1941లో ఒక పత్రం ప్రచురించారు. అప్పుడు శ్రీకాకుళం విడి జిల్లా కాదు, విశాఖపట్నం జిల్లాలో భాగం. మరపట్టిన పచ్చి బియ్యం తప్ప పెద్దగా ఏమీ తినని తల్లుల పాలలో థయామిన్, అంటే బి1 విటమిను తగ్గిపోతుంది. పాల కొలత తగ్గదు, తగ్గేది అందులోని సరుకు. ఆ జబ్బు సరిగ్గా రెండు నుంచి ఐదు నెలల పిల్లలకు వస్తుంది: గొంతు బొంగురుపోవడం, వాంతులు, ఆయాసం. ఇలాంటివి కనిపిస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మీ పాపకు ఈ లక్షణాలున్నాయని మీరు రాయలేదు. కానీ తెల్లన్నం, వెల్లుల్లి కారం, పప్పు వద్దు, కూర వద్దు అన్న మీ పథ్యం ఆ కాలపు కంచానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

తల్లి సరిగ్గా తినకపోయినా పాలలోని చక్కెర, మాంసకృత్తులు పెద్దగా మారవు, తల్లి ఒంట్లోంచి తీసి మరీ శరీరం పాలకు సర్దుతుంది. బి1, బి12, ఎ విటమిన్లు, అయోడిన్ అలా కావు, మీరు తింటేనే పాలలోకి వస్తాయి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అదనం అంటే ఓ గిన్నెడు చిక్కటి పప్పు, ఒక గుడ్డు, ఓ గ్లాసు పాలు, పొద్దున్నే పెద్ద లోటాడు చోడి (రాగి) అంబలి, గుప్పెడు వేరుశెనగలు. పేరుకు చాలా కనిపిస్తుందిగానీ ఇంట్లో ఉన్న సరుకే. అన్నం గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి, బి1 గంజితో పారిపోతుంది. వీలైతే ఒక పూట ఉప్పుడు బియ్యం. వెల్లుల్లి, ఎండుచేప మానక్కర్లేదు, అవి మంచివే, వాటి పక్కన పప్పూ మునగాకూ చేరాలి, అంతే. పప్పు తింటే పాపకు వాయువు పుట్టదు. మీ పేగుల్లోని గాలి పాలలోకి పోదు. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము, కాల్షియం మాత్రలు కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి, మధ్యలో వదిలేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. పాపకు రోజూ 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు, డాక్టరు రాసిన మోతాదు ప్రకారం.

జూన్ 12 మాట. అప్పటికి పాపకు నాలుగున్నర నెలలు. మీ ముందు నాలుగు దారులున్నాయి, ఏదీ ఉచితం కాదు.

ఒకటి, సెలవు పొడిగించమని అడగడం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత తొలి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు, తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు. మీరు కాన్పు రోజు నుంచే సెలవు పెట్టి ఉంటే 26 వారాలంటే జులై చివర, పాపకు ఆరు నెలలు నిండే సమయమే. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. మీ స్కూలుకు ఇది ఎలా వర్తిస్తుందో జిల్లా లేబరు ఆఫీసులో అడిగి, తర్వాత యాజమాన్యానికి కాగితం మీద రాసివ్వండి. నోటిమాటతో అడిగితే నోటిమాటతోనే కాదంటారు. కాగితం పెడితే ముఖాలు ముడుచుకునే వీలూ ఉంది, అది మీరు బేరీజు వేసుకోవాలి.

రెండు, చేరి, పిండిన పాలతో నడపడం. ఎనిమిది గంటలు బయట ఉంటే పాపకు సుమారు 250 మి.లీ. కావాలి, 80 చొప్పున మూడుసార్లు. మే చివరి వారం నుంచే పొద్దున తొలి పట్టు అయ్యాక ఒకసారి పిండి, అలవాటు చేసుకోండి. స్కూల్లో ఇంటర్వెల్లో, భోజనం వేళ రెండుసార్లు పిండాలి, తలుపు గడియ పడే గది ఒకటి చూపమని ముందే అడగండి. పిండకుండా వదిలేస్తే రొమ్ము గడ్డకట్టి జ్వరం వస్తుంది, పాలూ తగ్గుతాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు మూడు నాలుగు సెంటీమీటర్ల వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి. చర్మం మీద జారనివ్వకూడదు. మరిగించి ఆరబెట్టిన స్టీలు డబ్బా చాలు. మన ఎండల్లో బయట మూడు గంటలకు మించి ఉంచకండి. స్కూలుకు ఐసు వేసిన వెడల్పు మూతి ఫ్లాస్కు పట్టుకెళ్లి, డబ్బా అందులో పెట్టండి. ఇంట్లో ఫ్రిజ్ లోపలి అరలో, తలుపులో కాదు, 24 గంటలు. ఇంకా ఎక్కువ నిలవ ఉంటాయని చెబుతారుగానీ కరెంటు పోయే ఊళ్లలో ఆ లెక్క నమ్మను. పైన మీగడలా తేలితే విరిగినట్టు కాదు, గిన్నె మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చన చేయాలి, పొయ్యి మీద కాచకూడదు. పాప తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయండి. స్కూలు దగ్గరైతే ఇంకో సులువు ఉంది: మధ్యాహ్నం ఎవరైనా పాపను బండి మీద తీసుకొస్తే ఒక పట్టు నేరుగా అయిపోతుంది.

మూడు, పగలు డబ్బా పాలు, మిగతా వేళంతా రొమ్ము. ఇది ఓటమి కాదు. పిండటం కుదరని చోట ఇదే నిలబడుతుంది, కాకపోతే మీ పాలు కొంత తగ్గుతాయి. కలిపే పద్ధతి మాత్రం డబ్బా మీద ఉన్నట్టే. చాలా డబ్బాలకు 30 మి.లీ. నీళ్లకు ఒక స్కూపు, చాకుతో చదును చేసిన స్కూపు. నీళ్లు మరిగించి, అరగంటలోపు, ఇంకా చేయి కాలేంత వేడిగా ఉండగానే పొడి కలిపి, గిన్నెను చల్లనీళ్లలో ఉంచి చల్లార్చాలి. పొడిలోనే సూక్ష్మక్రిములు ఉండొచ్చు, ఆ వేడికి చస్తాయి. ఏ పూటది ఆ పూటే. నాలుగోది, పూర్తిగా డబ్బా. 5 కిలోల పాపకు రోజుకు సుమారు 750 మి.లీ., 25 స్కూపులు. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు కూడా రాదు. ఆ ఖర్చు నెలంతా పెట్టలేమనుకుంటే మొదలుపెట్టకపోవడమే మేలు. నెలాఖరుకు స్కూపులు తగ్గించి నీళ్లు పెంచే ఇళ్లలోనే పిల్లలు చిక్కిపోతారు. ఉద్యోగం మానాలా అన్నది పాల ప్రశ్న కాదు, మీ ఇంటి లెక్క. పాల కోసం మాత్రమే అయితే మానక్కర్లేదు.

మీరు స్కూలుకు వెళ్లగానే ఇంట్లో ఉగ్గు మొదలుపెడదామని మాట వస్తుంది. నాలుగు నెలలకే అన్నం పెట్టిన పిల్లల్ని, ఆరు నెలల దాకా ఆగిన పిల్లల్ని హోండురాస్‌లో పోల్చి చూసి 1994లో ప్రచురించారు. ముందు తిన్నవాళ్లు ఆ మేరకు పాలు తగ్గించుకున్నారు, బరువు మాత్రం ఎక్కువ పెరగలేదు. జులై చివర దాకా ఆగి, అప్పుడు చెంచా నుంచి జారిపోనంత చిక్కగా పప్పన్నం, చోడి జావ, గుడ్డు మొదలుపెట్టండి.

అత్తగారితో వాదనకు దిగకండి. పాపను తూయించడానికి ఆవిడనే వెంట తీసుకెళ్లండి, కార్డులో గీత ఏఎన్‌ఎం చేతే చూపించమనండి. ఉగ్గుగిన్నెతో పట్టడం మీకన్నా ఆవిడకే బాగా వచ్చి ఉంటుంది, జూన్ 12 నుంచి పగటి పాలు ఆవిడ చేతి మీదే నడవాలి.

సీసా ఆపిన రోజు ఒకసారి, సరిగ్గా ఏడు రోజులకు మరోసారి తూయించండి. 100 గ్రాములు, ఆపైన పెరిగితే ఇలాగే సాగండి. 100 కూడా పెరగకపోతే పది రోజుల వెనకటి అనుమానానికి తిరిగి వెళ్లకుండా, కార్డు పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. పాప రొమ్ము పట్టే తీరు, నాలుక కింద నరం, మీ థైరాయిడ్, రక్తహీనత చూడమని అడగండి. అప్పుడు కూడా అదనంగా ఏదైనా పట్టాల్సి వస్తే ముందు మీ పిండిన పాలు, తర్వాతే కొలిచి కలిపిన డబ్బా పాలు. తడి గుడ్డలు ఆరుకు తగ్గినా, పాప మందకొడిగా పడుకుని పాలకు లేవకపోయినా, మాడు లోపలికి పోయినట్టున్నా, జ్వరం వచ్చినా ఏడు రోజులు ఆగవద్దు, ఆ పూటే వెళ్లాలి.